పాత ద్వారబంధం స్కాన్ చేశాను, నగిషీ గీతలు మాత్రం రావడం లేదు

పెరటికొబ్బరి | శుక్రవారం రాత్రి 10:12

అందరికీ నమస్కారం. మాది అమలాపురం దగ్గర పల్లెటూరు. అమ్మమ్మ వాళ్ల మండువా లోగిలి ఈ వేసవిలో విప్పేస్తున్నారు. పెంకులు దించేశారు, దూలాలు బేరమైపోయాయి. సింహద్వారం ఒక్కటీ నేను అడ్డం పడి ఆపాను. ద్వారబంధం పైచెక్క మీద మధ్యలో గజలక్ష్మి, అటూ ఇటూ తామర తీగ, రెండు చివర్లా చెరో చిలక ఉన్నాయి. చెక్క పొడవు 1.2 మీటర్లు, ఎత్తు 20 సెంటీమీటర్లు. ఎడమ పక్క చెద తినేసింది కాబట్టి మళ్లీ వాడడం కుదరదు. కొత్త ఇంటికి టేకులో అచ్చం అలాంటిదే చెక్కించాలని మా ఆశ. నగిషీ చెక్కే పెద్దాయన్ని అడిగితే "గీత తెచ్చివ్వమ్మా, చెక్కడం నా పూచీ" అన్నారు.

ఆ గీతే రావడం లేదు. ఫోన్‌తో 180 ఫోటోలు తీసి, ఫోటోల నుంచి 3డీ బొమ్మ కట్టే మెష్‌రూమ్‌లో వేస్తే 14 లక్షల ట్రయాంగిళ్లు అల్లిన వల లాంటి మెష్ వచ్చింది. చూడ్డానికి బాగానే ఉంది. 3డీ ప్రోగ్రాము బ్లెండర్‌లో గీతలు గీసే ఫ్రీస్టైల్ ఆన్ చేసి, క్రీజ్ యాంగిల్ (ఎంత మడత ఉంటే గీత గీయాలో చెప్పే కోణం) 30 పెట్టాను. ఒక్క గీత రాలేదు. పెంచుకుంటూ 170 దాకా వెళ్తే చెక్కంతా దోమతెర కప్పినట్టు గీతలే గీతలు. మధ్యలో ఎక్కడ ఆపినా కొంచెం తెర, కొంచెం ఖాళీ. చిలక ముక్కు నా కంటికి అంత స్పష్టంగా కనిపిస్తోంది కదా, కంప్యూటర్‌కి ఎందుకు కనిపించదు?

చెప్పడం మరిచా. ప్రతి సంక్రాంతికీ దానికి రంగు వేసేవారు. తాతయ్య హయాంలో ఆకుపచ్చ, మావయ్య హయాంలో బ్రౌన్. ఎన్ని పూతలో లెక్క లేదు.

బొమ్మలపెట్టె | శుక్రవారం రాత్రి 10:40

ముందు ఆ 30 సంగతి. ఇందులో దెబ్బ తినని వాళ్లు లేరు, నేనూ తిన్నాను. బ్లెండర్‌లో కోణాన్ని రెండు చోట్ల రెండు రకాలుగా కొలుస్తారు. ఎడిట్ మోడ్‌లో షార్ప్ ఎడ్జెస్ సెలెక్ట్ చేసే చోట 0 అంటే చదును, అక్కడ డిఫాల్ట్ 30. ఫ్రీస్టైల్‌లో తిరగేసి ఉంటుంది. పక్కపక్క ట్రయాంగిళ్ల రెండు ముఖాల మధ్య లోపలి కోణం తీసుకుంటుంది కాబట్టి 180 అంటే చదును, అందుకే అక్కడ డిఫాల్ట్ 134.43. మీరు ఫ్రీస్టైల్‌లో 30 పెట్టారంటే, కత్తి మొనలా ఉన్న చోట తప్ప గీత గీయొద్దని చెప్పినట్టు. 170 అంటే 10 డిగ్రీలు వంగిన ప్రతిచోటా గీయమన్నట్టు.

అది సరిచేసినా మీ పని అయిపోతుందని చెప్పలేను. మేం గేముల్లో వాడే మోడల్స్ చేత్తో కట్టినవి, అంచులు మేమే పెడతాం. స్కాన్ మెష్ వేరే జంతువు.

కాలవగట్టు | శుక్రవారం రాత్రి 11:05

ఏవండీ, ట్రేసింగ్ పేపర్ పెట్టి పెన్సిల్‌తో గీసుకుంటే అరగంట పని కదా. దీనికి 14 లక్షల ట్రయాంగిళ్లు ఎందుకండీ బాబూ.

పెరటికొబ్బరి | శుక్రవారం రాత్రి 11:11

చేశానండీ. ఏనుగు తల చెక్క మీద నుంచి రెండు సెంటీమీటర్లు పైకి లేచి ఉంది. కాగితం దాని మీద ఆనితే పక్కన తీగ దగ్గర గాల్లో తేలుతుంది, తీగకి నొక్కితే ఏనుగు దగ్గర చిరుగుతుంది. మూడు కాగితాలు అయ్యాయి.

ఎవరో అడగకముందే చెప్తున్నా, ఫోటో పెట్టి ఏఐ టూల్‌తో లైన్ డ్రాయింగ్ కూడా గీయించాను. గీతలు ముచ్చటగా ఉన్నాయి. కానీ చిలకకి నెమలి తోక పెట్టింది.

గణితం_మాస్టారు | శనివారం ఉదయం 6:20

ఇంజనీరింగ్ కాలేజీలో లెక్కలు చెప్పి రిటైరయ్యాను. మీ ప్రశ్నకి జవాబు మీ పోస్టు చివరి రెండు వాక్యాల్లోనే ఉంది. రంగు.

కొంచెం లెక్క చూద్దాం. 1.2 మీటర్లని 20 సెంటీమీటర్లతో గుణిస్తే 2,40,000 చదరపు మిల్లీమీటర్లు. దాన్ని 14 లక్షల ముక్కలు చేస్తే ఒక్కో ట్రయాంగిల్ భుజం ఇంచుమించు 0.6 మి.మీ. ఇప్పుడు తామర రేకు అంచు తీసుకోండి. చెక్కిన రోజున అది సూటి మూల. పూత మీద పూత పడి ఇప్పుడు గుండ్రంగా అయింది. ఆ గుండ్రం వ్యాసార్ధం 3 మి.మీ. అనుకుందాం. 0.6 ని 3 తో భాగిస్తే 0.2 రేడియన్లు, అంటే పదకొండున్నర డిగ్రీలు. మొత్తం మలుపు 90 డిగ్రీలే అయినా, దాన్ని ఎనిమిది ట్రయాంగిళ్లు పంచుకుంటున్నాయి. పక్కపక్క ముఖాలని మాత్రమే చూసే ప్రోగ్రాముకి ఎక్కడా 12 డిగ్రీలు మించి కనిపించదు.

రెండోది నాయిస్, అంటే కొలతలో వచ్చే వణుకు. ఫోన్ ఫోటోలతో కట్టిన మెష్‌లో ఒక్కో బిందువు 0.1 మి.మీ. పైకో కిందకో జరగడం పెద్ద తప్పేం కాదు. కానీ 0.6 మి.మీ. ట్రయాంగిల్ ఎత్తు 0.52 మి.మీ. ఒక మూల 0.1 లేస్తే ఆ ముఖం ఎంత వాలుతుంది? పదకొండు డిగ్రీలు! అంటే ఉత్త చదును చెక్క మీద వణుకు పదకొండు, తామర రేకు అంచు పదకొండున్నర. ఈ రెంటినీ ఏ ఒక్క సంఖ్యతోనూ విడదీయలేరు. మీ దోమతెర అదే.

బొమ్మలపెట్టె | శనివారం ఉదయం 9:02

మాస్టారూ, అయితే ట్రయాంగిళ్లు తగ్గించేస్తే? డెసిమేట్ చేసి ఒక్కోటీ 5 మి.మీ. చేస్తే మలుపంతా ఒకే అంచు మీద పడుతుంది కదా.

గణితం_మాస్టారు | శనివారం ఉదయం 9:30

పడుతుంది. 3 మి.మీ. వ్యాసార్ధంతో పావు చుట్టు తిరిగితే చాపం 4.7 మి.మీ. కాబట్టి రేకు అంచు దొరుకుతుంది. కానీ తామర తీగ వెడల్పే నాలుగైదు మిల్లీమీటర్లు ఉండి ఉంటుంది, అది మాయమైపోతుంది. వల కన్ను పెద్దది చేస్తే చిన్న చేప జారిపోతుంది కదండీ, అదీ ఇదీ ఒకటే.

కొలవాల్సింది కోణం కాదు, వక్రత. అంటే ఒక మిల్లీమీటరు నడిస్తే ఉపరితలం ఎంత తిరిగింది అని. 0.2 ని 0.6 తో భాగిస్తే మిల్లీమీటరుకి మూడో వంతు రేడియన్. ట్రయాంగిళ్లు చిన్నవి చేసినా పెద్దవి చేసినా (మరీ పెద్దవి కానంతవరకు) ఆ సంఖ్య మారదు. లిబ్‌ఐజీఎల్ లైబ్రరీలో దీనికి ఫంక్షన్ ఉంది, ప్రిన్సిపల్ కర్వేచర్ అని. ప్రతి బిందువు చుట్టూ కొంత పొరుగుని తీసుకుని, దానికి ఒక ద్విఘాత తలాన్ని అతికించి వక్రత చెప్తుంది. ఎంత పొరుగు అన్నది డిఫాల్ట్‌గా 5, మీ మెష్‌కి సుమారు 3 మి.మీ. దూరం. పది మంది సాక్ష్యం తీసుకుంటే ఒక్కడి అబద్ధం తేలిపోయినట్టు, నాయిస్ చాలా మటుకు సర్దుకుంటుంది.

సీఎన్‌సీ_రావులపాలెం | శనివారం మధ్యాహ్నం 1:15

మాకు కంప్యూటర్ చెప్పినట్టు చెక్క చెక్కే రూటర్ మెషిన్ ఉంది. అసలు గీతలెందుకండీ? 3డీ బొమ్మ ఎస్‌టీఎల్ ఫైలు పంపండి, ఉన్నది ఉన్నట్టు దింపేస్తాం.

అని చెప్పి ఆర్డర్ పట్టుకోవచ్చు గానీ నిజం చెప్పాలి. పోయినేడు ఇలాగే రంగు పూతలున్న తలుపు స్కాన్ ఒకటి దింపాం. వాడేసిన సబ్బుబిళ్లలా వచ్చింది. మొహానికి ముక్కు లేదు, ఆకుకి ఈనె లేదు. మెషిన్ తప్పు కాదు, మెషిన్ రంగుని కూడా నమ్మకంగా చెక్కింది. పార్టీ తీసుకెళ్లలేదు. ఆ చెక్క ఇంకా షాపులోనే ఉంది, దాని మీద టీ గ్లాసులు పెట్టుకుంటున్నాం.

పెద్దాయన చేత్తో చెక్కుతానంటే అదే మేలు. గీతలు వస్తే గీతల ఫైలు డీఎక్స్‌ఎఫ్‌లో ఇవ్వండి, బొమ్మల చుట్టూ నేల (ఉత్త చెక్క) మాత్రం మేం మెషిన్‌తో తవ్విస్తాం, ఆయనకి నాలుగు రోజుల చాకిరీ తప్పుతుంది.

శాసనాలపిచ్చి | శనివారం సాయంత్రం 5:48

ద్రాక్షారామం పక్కన ఉంటాను, గుళ్లో స్తంభాల మీద శాసనాలు చూడ్డం నా పిచ్చి. మాదీ మీలాంటి బాధే. మీకు రంగు, మాకు సున్నం. గోడలకి సున్నం కొట్టినప్పుడల్లా అక్షరం కొంచెం పూడుతుంది.

శాసనం ప్రతి తీసేవాళ్లు ఏం చేస్తారో తెలుసా? తడి కాగితం రాయికి అతికించి, గట్టి బ్రష్‌తో కొట్టి కొట్టి కాగితాన్ని అక్షరం గాడిలోకి దించుతారు. పైన సిరా మెత్తతో అద్దుతారు. పైకి ఉన్న రాయి నల్లబడుతుంది, గాడి తెల్లగా మిగులుతుంది. ఆ నలుపూ తెలుపూ కలిసే చోటే కదా మీరు వెతుకుతున్న అంచు! కంప్యూటర్లు లేని రోజుల్లోనే మనవాళ్లు ఎడ్జ్ డిటెక్షన్ చేశారన్నమాట. (సరే, కొంచెం గొప్పలు పోతున్నాను.)

మా గుంపులో ఒక కుర్రాడు స్కాన్ మీద వక్రత లెక్కగట్టి, బాగా పల్లంగా వంగిన బిందువులని కలుపుతూ గీత గీశాడు. అక్షరం గాడి ఇంగ్లీషు V ఆకారంలో ఉంటుంది కాబట్టి దాని అడుగు గీతే అక్షరం. అద్భుతంగా వచ్చింది. మీరూ అలా చేయండి.

ఉలిచప్పుడు | శనివారం రాత్రి 8:30

మండపేట దగ్గర మాది నగిషీ పని చేసే ఇల్లు. నేను చదువుకుని వేరే దారిలో పడ్డాను, మా నాన్న ఇంకా చెక్కుతున్నారు. ఈ చర్చంతా ఆయనకి చదివి వినిపించాను.

శాసనాలపిచ్చి గారూ, అక్షరం వేరు, తామర వేరు అంటున్నారు. అక్షరాన్ని లోపలికి కొడతారు, తామరని పైకి తీస్తారు. పైకి తీసే బొమ్మకి ముందు గీత మీద ఉలిని నిలువుగా దించుకుంటూ పోవాలి. తర్వాత బయటి పక్క నుంచి వచ్చి నేల తవ్వాలి. అప్పుడు బొమ్మ లేచి నిలబడుతుంది. అంటే మాకు కావాల్సిన గీత బొమ్మ గోడ ఎక్కడుందో చెప్పే గీత. పువ్వు మీద మెరిసే గుండ్రం నడినెత్తి మీద గీత ఇస్తే దాంతో మాకు పని లేదు. ఆయన మాటల్లో చెప్పాలంటే, "ఇంటికి ముగ్గు గోడ దగ్గర పోస్తారు గానీ కొప్పు మీద పోస్తారా?"

ఈనెలకి మాత్రం మీరు చెప్పిన పల్లం గీతే కావాలన్నారు. ఈనె వి ఉలితో ఒక్క గీటు.

గణితం_మాస్టారు | ఆదివారం ఉదయం 5:55

ఉలిచప్పుడు గారూ, నాన్నగారికి నా నమస్కారం చెప్పండి. కంప్యూటర్ గ్రాఫిక్స్‌లో ఇరవై ఏళ్లకి పైగా నలుగుతున్న విషయాన్ని ఆయన ముగ్గుతో తేల్చేశారు.

మన చేలోకే వెళ్దాం. గట్టు ఉంది, పక్కన బోదె ఉంది. గట్టు నడినెత్తి మీద మనం నడిచే దారి ఒక గీత, మెరక గీత అనండి. బోదె అడుగున నీళ్లు సాగే దారి ఇంకో గీత, పల్లం గీత. ఈ రెంటికీ నడుమ గట్టు పక్క వాలు ఉంటుంది కదా, అందులో అన్నిటికన్నా నిటారుగా ఉన్న చోట్లని కలిపితే మూడో గీత. వాలు గీత అందాం. ఎడ్జ్ అన్న ఒక్క మాటతో ముగ్గుర్నీ పిలుస్తున్నాం, అదీ తగాదా.

మెరక, పల్లం గీతలకి లెక్క పాతదే. ఆ బిందువు దగ్గర ఉపరితలం ఏ దిక్కున ఎక్కువ వంగుతుందో చూసి, ఆ దిక్కున నడుస్తూ వక్రత ఎక్కడ గరిష్ఠమో పట్టుకోవాలి. గరిష్ఠం కావాలంటే వక్రతని ఇంకోసారి అవకలనం చేయాలి, అంటే అది మారే వేగం తీయాలి. ఎత్తు నుంచి లెక్కేస్తే మూడో అవకలనం. ప్రతి అవకలనానికీ నాయిస్ రెట్టింపుకి పైగా అరుస్తుంది. అందుకే 2004లో ఒటాకే, బెల్యాయెవ్, సైడెల్ అనే పరిశోధకులు ముందుగా మెష్‌కి ఒక నున్నటి ఉపరితలాన్ని అతికించి, అవకలనాలు దాని మీద తీసుకున్నారు.

వాలు గీత సంగతి 2008, 2009ల్లో కొలొమెంకిన్, షింషోని, తాల్ అనే ముగ్గురు పట్టుకున్నారు. వాళ్ల ముందున్నవి పురావస్తువులే. అరిగిపోయిన పాత్రలు, ముక్కలు, మన ద్వారబంధం చుట్టాలే. 2009 పేపర్లో వాళ్ల ఊహ ఇది. వస్తువంటే నున్నటి నేల ఒకటి, దాని మీద పేర్చిన ఎత్తు ఒకటి. ఆ నేల ఎలా ఉందో మనకి ముందుగా తెలియదు. కానీ ఎత్తు ఎక్కడ అన్నిటికన్నా వేగంగా మారుతోందో అదే అంచు. ఫోటోల్లో అంచులకి 1986లో క్యానీ అనే ఆయన చెప్పిన సూత్రాన్ని ఉపరితలం మీదకి తెచ్చినట్టు.

ఇక రంగు మాటకొద్దాం. బోదెలో ఒండ్రు దిగితే అడుగు ఎక్కడుందో తెలియదు. గట్టు నెత్తి జనం నడిచి నడిచి గుండ్రంగా అయిపోతుంది. వాలు మాత్రం కొంచెం లావెక్కినా తన చోట తను ఉంటుంది. మీ చెక్కకీ అంతే. రంగు మూలల్లో పేరుకుని పల్లం గీతని జరుపుతుంది, మొనల మీద గుండ్రమై మెరక గీతని చెరుపుతుంది. గోడ మాత్రం పూత మందమెంతో అంతే బయటికి జరుగుతుంది. ఆ మందం మనం కొలవగలం!

కాలవగట్టు | ఆదివారం ఉదయం 7:10

ఆయ్, మా గట్టుకి ఇంత చరిత్ర ఉందని తెలియదండీ. ఒండ్రు మాట మాత్రం నిజం, మా బోదె పూడిక తీసి రెండేళ్లయింది.

బొమ్మలపెట్టె | ఆదివారం ఉదయం 10:25

3డీ బొమ్మకి గీతలు గీసే ఇంకో పద్ధతి, సజెస్టివ్ కాంటూర్లు, ఎవరూ ఎత్తలేదే? 2003లో డీకార్లో, ఫింకెల్‌స్టీన్, రుసిన్‌కీవిచ్, శాంటెల్లా చెప్పినవి. బొమ్మ చూస్తే మనిషి గీసినట్టే ఉంటుంది. రుసిన్‌కీవిచ్ ప్రోగ్రాము ఉచితంగానే దొరుకుతుంది, మెష్ వేసి తిప్పి చూడొచ్చు. తర్వాత 2007లో అపారెంట్ రిడ్జెస్ వచ్చాయి.

గణితం_మాస్టారు | ఆదివారం ఉదయం 10:50

అందంలో తిరుగులేదు. కానీ అవి చూసే చోటుని బట్టి మారతాయండీ. మీరు రెండడుగులు పక్కకి జరిగితే గీత కూడా జరుగుతుంది. బొమ్మ వేసుకోవడానికి అది గుణం, ఉలి దించడానికి దోషం. చెక్కకి అతికే గీత కావాలి మనకి.

బొమ్మలపెట్టె | ఆదివారం ఉదయం 11:04

ఒప్పుకుంటా. ప్రిన్స్‌టన్ వాళ్లు 2008లో ఒక పని చేశారు, చిత్రకారులకి వస్తువుల బొమ్మలిచ్చి గీతలతో గీయించి, ఆ గీతలు ఏ ఫార్ములాకి అతుకుతున్నాయో పోల్చి చూశారు. చాలా గీతలు ఏదో ఒక ఫార్ములాకి దొరికాయి గానీ, ఏ ఒక్కటీ అన్నిటినీ పట్టలేకపోయింది. ఉలిచప్పుడు గారి నాన్నగారిది చిత్రకారుడి కన్ను కూడా కాదు, చెక్కేవాడి కన్ను.

అయినా ఆ పైచెక్క ఇంచుమించు చదునే కదా. మెష్‌తో కుస్తీ ఎందుకు? సూటిగా ఎదుటి నుంచి డెప్త్ మ్యాప్ తీయండి. పిక్సెల్ అర మిల్లీమీటరు పెట్టుకుంటే 2400 బై 400 బొమ్మ. తెల్లగా ఉంటే ఎత్తు, నల్లగా ఉంటే పల్లం. దాని మీద మామూలు క్యానీ ఆడించండి. ఎత్తు వేగంగా మారే చోటు అంటే మాస్టారి వాలు గీతే.

పెరటికొబ్బరి | ఆదివారం రాత్రి 9:37

ఆడించాను! పువ్వులు దాదాపు వచ్చేశాయి. కానీ రెండు గొడవలు. చెక్క ఏళ్ల తరబడి ఎండకీ వానకీ వంగిపోయింది, దారం పట్టి చూస్తే నడుమ 6 మి.మీ. ఉబ్బు. చివర్లలో ఆ వాలు కూడా ఎత్తులో కలిసిపోయి చిలకల దగ్గర గీత పక్కకి లాగుతోంది. రెండోది, ఏనుగు చెవి. చెవి తల మీద ఒక్క మిల్లీమీటరే లేచి ఉంది. చెవి రావాలని థ్రెషోల్డ్ (ఎంత వాలు దాటితే గీత గీయాలన్న హద్దు) తగ్గిస్తే రంగు కారిన చారికలన్నీ వచ్చేస్తున్నాయి. పెంచితే చెవి సగంలో తెగిపోతోంది. ఒక్క చెవి కోసం రెండు గంటలు పట్టింది. టెన్షన్‌తో పకోడీ ప్లేటు ఖాళీ.

గణితం_మాస్టారు | సోమవారం ఉదయం 6:05

మొదటిదానికి: చెక్క వంపుని విడిగా పట్టుకుని తీసేయండి. బొమ్మలు లేని ఉత్త నేల మీద ఓ నలభై యాభై చోట్ల మౌస్‌తో నొక్కి ఎత్తులు తీసుకోండి. వాటికి ఆరు గుణకాల ద్విఘాత తలం అతికించండి, పైథాన్ నంపైలో లీస్ట్ స్క్వేర్స్ ఒక్క లైను. అది మీ నేల. మొత్తం ఎత్తులోంచి దాన్ని తీసేస్తే మిగిలింది నగిషీ. డెప్త్ మ్యాప్‌ని బాగా బ్లర్ చేసి నేల అనుకునే పని మాత్రం చేయకండి. బ్లర్ చేస్తే ఏనుగు కింద నేల కూడా ఉబ్బుతుంది.

రెండోదానికి: క్యానీలో రెండు థ్రెషోల్డులున్నాయి, మీరు రెండిటికీ ఒకే సంఖ్య ఇచ్చి ఉంటారు. పైది గట్టి సాక్ష్యం, కిందిది బలహీన సాక్ష్యం. బలహీనమైన గీత గట్టి గీతని పట్టుకుని ఉంటేనే ఉంచుతుంది, ఒంటరిదైతే పారేస్తుంది. చెవి ఒక చివర తల అంచుని పట్టుకునే ఉంటుంది కాబట్టి నిలుస్తుంది. రంగు చారిక ఎవర్నీ పట్టుకుని ఉండదు, పోతుంది. సంఖ్యలు వాలు డిగ్రీల్లో ఆలోచించండి: పైది 45, కిందిది 20తో మొదలెట్టండి. అంతకుముందు చిన్న బ్లర్, ఒక మిల్లీమీటరు, అంటే రెండు పిక్సెళ్లు.

శాసనాలపిచ్చి | సోమవారం ఉదయం 8:40

మెష్‌ని ముందే స్మూత్ చేసేవాళ్లకి ఒక మాట. మెష్‌ల్యాబ్‌లో మామూలు లాప్లేసియన్ స్మూతింగ్ పదిసార్లు నొక్కితే మా అక్షరాలు చిక్కిపోయాయి. దాని బదులు టాబిన్ స్మూత్ వాడండి. 0.5 తో లోపలికి ఒక అడుగు, మైనస్ 0.53 తో బయటికి ఒక అడుగు, కాబట్టి వస్తువు కుంచించుకుపోదు. 1995 నాటి ఉపాయం, ఇప్పటికీ అన్నం పెడుతోంది.

సీఎన్‌సీ_రావులపాలెం | సోమవారం మధ్యాహ్నం 12:30

పూత మందం కొలిచారా అమ్మా? అది తెలియకపోతే పువ్వు చుట్టూ అంత మేర లావుగా వస్తుంది. మాకు మెషిన్ బిట్ వ్యాసార్ధం తీసేయడం అలవాటే, దాంతో పాటు ఇదీ తీసేస్తాం, సంఖ్య చెప్పండి చాలు.

పెరటికొబ్బరి | సోమవారం రాత్రి 7:55

కొలిచాను. కుడి చిలక తోక దగ్గర పెచ్చు ఊడింది, బ్లేడుతో అంచు లేపి తీశాను. గోరంత ముక్క. లోపల పొరలు పొరలుగా, పుస్తకం అంచులా ఉంది. పైన బ్రౌన్, దాని కింద మళ్లీ బ్రౌన్, తర్వాత ఆకుపచ్చలు మూడు, మధ్యలో ఎవరికీ గుర్తులేని నీలం ఒకటి, అడుగున పసుపు. వెర్నియర్‌లో 0.8 మి.మీ. ఆ పసుపు రంగు కాదు, ఉత్త పసుపే, గోటికి అంటుకుంది. అమ్మకి చూపిస్తే నీలం సంగతి చెప్పింది. తన పెళ్లికి వేశారట.

నేల తీసేశాను, 45, 20 పెట్టాను. చెవి వచ్చింది!! ఈనెలు వాలు గీతలో రెండేసి గీతలుగా వచ్చాయి (గాడికి అటో గోడ ఇటో గోడ కదా), అందుకని వాటికి విడిగా పల్లం గీత ఆడించి, రేకుల లోపల ఉన్నవి మాత్రమే ఉంచాను. బయటి గీతల్ని లోపలికి 0.8 జరిపాను.

ఉలిచప్పుడు | సోమవారం రాత్రి 9:20

ఫైలు నాన్నకి చూపించాను. అసలు కొలతలో ప్రింటు తీయించమన్నారు, ఫోన్‌లో ఆయనకి ఆనదు. బొమ్మ గీత ఒక రంగు, ఈనె గీత ఒక రంగు వేయమన్నారు. ఉలి మార్చే చోటు తెలియాలట.

పెరటికొబ్బరి | గురువారం సాయంత్రం 6:15

అమలాపురంలో ప్లాన్లు ప్రింటు తీసే షాపులో 1.2 మీటర్ల కాగితం మీద తీయించి, ఎర్ర గీత, నల్ల గీత పట్టుకుని ఇవాళ పెద్దాయన దగ్గరికి వెళ్లాను. అరుగు మీద పరిచి, నాలుగు మూలలా నాలుగు ఉలులు పెట్టి, చాలాసేపు చూశారు. తామర తీగ మొత్తం వేలితో నడిచారు. తర్వాత పెన్సిల్ అడిగారు.

మూడు చోట్ల దిద్దారు. ఎడమ చిలక పొట్ట దగ్గర రెండు గీతలు కొట్టేశారు, "ఇది చెద తిన్న గుంట, చెక్కింది కాదు" అన్నారు. నాకది రెక్క అనిపించింది. ఆ చిలకకి కుడి చిలకని తిప్పి గీశారు, కానీ అచ్చం తిప్పలేదు, మెడ కొంచెం ఎత్తారు. రెండో చోటు ఏనుగు తొండం. అక్కడ మాస్టారి 20 డిగ్రీలకి కూడా అందక గీత రెండు అంగుళాలు తెగింది, ఆయన ఒక్క ఊపులో కలిపేశారు. మూడోది లక్ష్మీదేవి ముఖం. అక్కడ వచ్చిన గీతలన్నీ రబ్బరుతో చెరిపేసి, ఒక గుడ్డు గీసి వదిలేశారు. "ముఖం గీతతో రాదమ్మా, చెక్కేటప్పుడు చూసుకుంటా."

సీఎన్‌సీ_రావులపాలెం | గురువారం రాత్రి 8:02

ఆయన దిద్దిన కాగితమే మళ్లీ స్కాన్ తీసి పంపండి. దాని ప్రకారమే నేల తవ్విస్తాం. ముఖం చుట్టూ ఎంత వదలమన్నారు?

పెరటికొబ్బరి | గురువారం రాత్రి 8:10

చిటికెన వేలంత అన్నారు. ఆయన చిటికెన వేలు 14 మి.మీ., కొలిచే వచ్చాను.

గణితం_మాస్టారు | శుక్రవారం ఉదయం 5:50

తర్వాత మండువా స్తంభాలు కూడా చెక్కించే ఆలోచన ఉంటే ఇప్పుడే స్కాన్ చేసుకోండి, దూలాలతో పాటు వెళ్లిపోతాయేమో. గుండ్రటి స్తంభానికి డెప్త్ మ్యాప్ పనికిరాదు, ఎదుటి నుంచి సగమే కనిపిస్తుంది. చుట్టూ తిరిగి ఫోటోలు తీయాలి, నేలని స్థూపంగా (సిలిండర్‌గా) అతికించి విప్పుకోవాలి. నడుమ లావెక్కిన స్తంభమైతే అదీ కుదరదు, మెష్ మీదే వాలు గీత లెక్కగట్టాలి. కోడ్ నేను రాసిస్తాను.

పెరటికొబ్బరి | శుక్రవారం ఉదయం 7:30

మాస్టారూ, నాలుగు స్తంభాల్లో రెండు నిన్న సాయంత్రమే లారీ ఎక్కేశాయి. మిగిలిన రెంటికీ ఎండ రాకముందే ఫోటోలు తీయడానికి బయల్దేరుతున్నాను. ఒక్కో స్తంభానికి ఎన్ని సరిపోతాయి?

శాసనాలపిచ్చి | శుక్రవారం ఉదయం 7:34

మూడు ఎత్తుల్లో, ప్రతి ఎత్తుకీ చుట్టూ ముప్ఫై. స్కేలు ఒకటి పక్కన పెట్టడం మర్చిపోకండి.